బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్

ఏదైనా సైట్‌లో మొదటిసారి లాగిన్ కాగానే, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని బ్రౌజర్ అడుగుతుంది. సరేనంటే సైట్ చిరునామా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మూడూ కలిసి కంప్యూటర్‌లోని ఒక ఫైల్‌లో చేరతాయి. గూగుల్ క్రోమ్‌లో ఆ ఫైల్ పేరు ‘లాగిన్ డేటా’. ఎస్‌క్యూలైట్ అనే మామూలు డేటాబేస్ రూపంలో అది యూజర్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. తెరిచి చూస్తే చిరునామా, యూజర్‌నేమ్ ఎవరికైనా అర్థమవుతాయి. పాస్‌వర్డ్ ఒక్కటే గుప్తలిపిలో ఉంటుంది. క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీదే నడిచే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, బ్రేవ్, ఒపెరాలదీ దాదాపు ఇదే పద్ధతి. ఫైర్‌ఫాక్స్ ‘లాగిన్స్ డాట్ జేసన్’ అనే ఫైల్ వాడుతుంది; అందులో యూజర్‌నేమ్ కూడా గుప్తలిపిలోనే ఉంటుంది. ఏ బ్రౌజర్‌లోనైనా ఆ లిపిని విప్పే కీ ఎక్కడుంది, దాన్ని ఎవరు అడిగితే కంప్యూటర్ ఇచ్చేస్తుంది అన్నదాని మీదే భద్రత అంతా ఆధారపడి ఉంటుంది.

ఆ ఫైల్ విలువ ఒక ఇంటిని దృష్టిలో పెట్టుకుంటే తెలుస్తుంది. పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో తెలుగువాళ్ళ ఉనికి చాలాకాలంగా ఉన్నదే. ఢిల్లీలోని తెలుగు పిల్లల కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే బడుల్లో ఒకటి అక్కడుంది. అలాంటి కాలనీలో, ఇంటిల్లిపాదీ వాడే ల్యాప్‌టాప్‌లో రెండుమూడేళ్ళకు చేరే జాబితా చిన్నదేమీ కాదు. బీఎస్‌ఈఎస్ రాజధాని కరెంటు బిల్లు, ఊరికి వెళ్ళే రైలు టికెట్ల కోసం ఐఆర్‌సీటీసీ, ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్, పీఎఫ్ ఖాతా, పిల్లల స్కూల్ పోర్టల్, రెండుమూడు బ్యాంకులు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల తరఫున చూసిపెట్టే ఖాతాలు, అన్నిటికీ మించి జీమెయిల్. పాస్‌వర్డ్ మరిచిపోయామంటే చాలా సైట్లు కొత్తది పెట్టుకునే లింకు పంపేది ఆ మెయిల్‌కే. కనుక మెయిల్ పాస్‌వర్డ్ పోతే మిగతావీ దాని వెంటే పోయే వీలుంది.

విండోస్‌లో కీని కాపాడే బాధ్యత డీపీఏపీఐ అనే వ్యవస్థది. విండోస్ 2000 కాలం నుంచీ ఉన్న ఈ వ్యవస్థ, యూజర్ లాగిన్ పాస్‌వర్డ్‌తో ముడిపడిన రహస్యంతో ఇతర రహస్యాలకు తాళం వేస్తుంది. 2020 దాకా క్రోమ్ ఒక్కో పాస్‌వర్డ్‌ను నేరుగా దీని చేతిలో పెట్టేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 80వ వెర్షన్‌తో పద్ధతి మారింది. పాస్‌వర్డ్‌లన్నిటినీ 256 బిట్ల ఏఈఎస్ కీతో గుప్తలిపిలోకి మార్చి, ఆ కీని ‘లోకల్ స్టేట్’ అనే మరో ఫైల్‌లో డీపీఏపీఐ రక్షణలో ఉంచడం మొదలైంది. ఏఈఎస్‌ను బద్దలుకొట్టడం ఎవరి తరమూ కాదు. ఆపేసి ఉన్న ల్యాప్‌టాప్‌ను మెట్రోలో ఎవరైనా కొట్టేసి, హార్డ్ డిస్క్ ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించినా, విండోస్ పాస్‌వర్డ్ గట్టిదైతే వాళ్ళకు దక్కేది అర్థంకాని అక్షరాల మూటే. ఆ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసినా, పుట్టిన సంవత్సరంతో సరిపెట్టినా ఇంత ఏర్పాటూ వృథా.

యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడు కథ వేరు. ఆ ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రామ్ అడిగినా డీపీఏపీఐ కీ విప్పి ఇస్తుంది. అడుగుతున్నది క్రోమా, నిన్న డౌన్‌లోడ్ చేసిన ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేరా అన్న తేడా దానికి తెలియదు. యూజర్ పేరున నడుస్తోందంటే యూజర్ అడిగినట్టే అన్నది దాని లెక్క. బ్రౌజర్ పాస్‌వర్డ్‌ల బలహీనత దాదాపు మొత్తం ఈ ఒక్క చోటే ఉంది.

ఆపిల్ మ్యాక్‌లో క్రోమ్ తన కీని సిస్టమ్ కీచెయిన్‌లో పెడుతుంది. వేరే ప్రోగ్రామ్ దాన్ని అడిగితే యూజర్ అనుమతి కోరుతూ ఒక పెట్టె తెరమీదికి వస్తుంది. చదవకుండా పాస్‌వర్డ్ కొట్టేసే అలవాటున్నవాళ్ళకు తప్ప ఇది మంచి అడ్డే. లినక్స్‌లో గ్నోమ్ కీరింగ్, కేవాలెట్ ఈ పని చేస్తాయి. ఈ రెండూ లేని లినక్స్ కంప్యూటర్‌లో క్రోమియం, తన కోడ్‌లోనే రాసి ఉన్న ‘పీనట్స్’ అనే మాట నుంచి కీ తయారు చేసుకుంటుంది. ఆ కోడ్ అందరికీ బహిరంగం కనుక అక్కడ దాచడమంటే కంటికి కనపడకుండా చేయడం వరకే.

ఫైర్‌ఫాక్స్ దారి కొంచెం భిన్నం. దాని కీ ‘కీ4 డాట్ డీబీ’ అనే ఫైల్‌లో, పాస్‌వర్డ్‌ల ఫైల్ పక్కనే ఉంటుంది. యూజర్ ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ పెట్టుకుంటే దానితో ఆ కీకి తాళం పడుతుంది. 2020 దాకా మాస్టర్ పాస్‌వర్డ్ అన్న పేరుతో ఉన్నది ఇదే. పెట్టుకోకపోతే ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మం పక్క గూట్లో ఉంచినట్టే. రెండు ఫైళ్ళూ కాపీ చేసుకున్నవాళ్ళు ఎక్కడైనా తెరుచుకోవచ్చు. ప్రైమరీ పాస్‌వర్డ్ దానంతటది రాదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పెట్టుకోవాలి. పెట్టుకున్నవాళ్ళకూ చాలాకాలం పూర్తి రక్షణ దొరకలేదు. ఆ పాస్‌వర్డ్‌ను కీగా మార్చేటప్పుడు షా-1 లెక్క ఒక్కసారే జరుగుతోందని, గ్రాఫిక్స్ కార్డుతో కోట్ల ఊహలు ఇట్టే పరీక్షించవచ్చని 2018లో వ్లాదిమీర్ పాలాంట్ అనే భద్రతా పరిశోధకుడు రాశాడు. అదే లోపాన్ని అంతకు తొమ్మిదేళ్ళ ముందే మరొకరు మొజిల్లా దృష్టికి తెచ్చి ఉండటం విచారకరం. తర్వాత ఆ లెక్కను పదివేల సార్లకు పెంచారు.

లాగిన్ అయి ఉన్న ఖాతాను ఎంతవరకు నమ్మాలన్న వాదం 2013 ఆగస్టులో బహిరంగంగా జరిగింది. క్రోమ్ సెట్టింగ్స్ పేజీలో ఒక్క క్లిక్‌తో పాస్‌వర్డ్‌లన్నీ అక్షరాలుగా కనిపిస్తున్నాయని, ఇది దారుణమని ఎలియట్ కెంబర్ అనే డెవలపర్ రాశాడు. క్రోమ్ భద్రతా బృందానికి నాయకుడైన జస్టిన్ షూ దీనికి జవాబిచ్చాడు. దుర్మార్గుడు ఒకసారి యూజర్ ఖాతాలో కూర్చున్నాక ఆట ముగిసినట్టే; అక్కడ మరో పాస్‌వర్డ్ అడిగితే జనానికి లేని భద్రత ఉన్నట్టు భ్రమ కల్పించడమే అవుతుందని ఆయన వాదన. సాంకేతికంగా అందులో తప్పు లేదు. కానీ ఇళ్ళలో జరిగేది వేరు. టీ పెట్టి వచ్చేలోగా రెండు నిమిషాలు ఒంటరిగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న బంధువు నిపుణుడైన దొంగ కాదు. చేతికందితే చూస్తాడు, అడ్డుంటే ఊరుకుంటాడు. అలాంటివాళ్ళకు చిన్న అడ్డు కూడా పెద్ద పనే చేస్తుంది. విమర్శలు వచ్చాక క్రోమ్ ఆ పేజీలో కంప్యూటర్ పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టింది. షూ చెప్పిన పరిమితి మాత్రం అలాగే ఉంది. లాగిన్ పేజీలో చుక్కలుగా నిండిన పాస్‌వర్డ్‌ను, బ్రౌజర్‌తోపాటే వచ్చే డెవలపర్ టూల్స్‌తో కాస్త తెలిసినవాళ్ళెవరైనా అక్షరాలుగా మార్చి చూడగలరు.

భారతీయ కుటుంబాల్లో ఈ పరిమితి గట్టిగా తగులుతుంది. ఒక కంప్యూటర్, అందులో ఒకే విండోస్ ఖాతా, దాన్ని తల్లిదండ్రులు, పిల్లలు, సెలవులకు వచ్చిన చుట్టాలు అందరూ వాడటం మామూలు సంగతి. కంప్యూటర్ దృష్టిలో వాళ్ళంతా ఒకే మనిషి. క్రోమ్‌లో తలా ఒక ప్రొఫైల్ పెట్టుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ప్రొఫైల్ బుక్‌మార్కులనూ చరిత్రనూ కలిసిపోకుండా విడదీస్తుందే తప్ప, ఒకరి పాస్‌వర్డ్‌లను మరొకరి నుంచి కాపాడే గోడ కాదు. ఎవరైనా మెనూలో క్లిక్ చేసి పక్కవాళ్ళ ప్రొఫైల్‌లోకి వెళ్ళవచ్చు. అన్ని ప్రొఫైళ్ళ కీలూ ఒకే విండోస్ ఖాతా కింద ఉంటాయి. నిజమైన గోడ కావాలంటే విండోస్‌లోనే తలా ఒక ఖాతా, దానికి ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకు ఉండాలి. పది నిమిషాల పని. బ్రౌజర్ భద్రత గురించి ఒక ఇల్లు చేయగల పనుల్లో ఇంతకంటే ఫలితమిచ్చేది మరొకటి లేదు.

బజారులోని కంప్యూటర్ల మీద, సేవ్ చేయాలా అని బ్రౌజర్ అడిగే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ‘వద్దు’ అనే ఉండాలి. సైబర్ కేఫ్‌లో, ఫారాలు నింపిపెట్టే జిరాక్స్ దుకాణంలో పొరపాటున సేవ్ చేసిన పాస్‌వర్డ్ తర్వాత కూర్చున్నవాళ్ళందరికీ అందుబాటులో ఉంటుంది. 2011 నాటి సైబర్ కేఫ్ నియమాలు వచ్చినవారి గుర్తింపు పత్రం చూడాలని, రిజిస్టర్‌ను కనీసం ఏడాది ఉంచాలని చెప్పాయి. ఎవరు కూర్చున్నారో ఆ రిజిస్టర్ చెబుతుంది కానీ, వాళ్ళు వదిలిపోయినదాన్ని తుడిచిపెట్టదు. ప్రింటు కోసం మెయిల్ తెరవక తప్పనప్పుడు ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, పని కాగానే దాన్ని మూసేయాలి. రిపేరు దుకాణంలో మరో చిక్కుంది. ఢిల్లీలో కంప్యూటర్ల బజారైన నెహ్రూ ప్లేస్‌లో అయినా వీధి చివర అయినా, మెకానిక్ స్క్రీన్ మార్చడానికి కూడా విండోస్ పాస్‌వర్డ్ అడగవచ్చు. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చారంటే బ్రౌజర్‌లోని ప్రతి పాస్‌వర్డూ దానితో పాటే అప్పగించినట్టు. పరీక్షించడానికి అవసరమైతే వేరే ఖాతా ఒకటి తెరిచి దాని పాస్‌వర్డ్ ఇవ్వడం మంచిది.

ఇంటి మనిషి, మెకానిక్ కంటే ఈరోజు పెద్ద ప్రమాదం కంటికి కనిపించనిది. ఇన్ఫోస్టీలర్ అనే తరహా మాల్‌వేర్ సరిగ్గా డీపీఏపీఐ గుడ్డి నమ్మకం మీదే బతుకుతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు ఉచిత క్రాక్ అనో, ఆటలో గెలిపించే చీట్ అనో కంప్యూటర్‌లోకి వస్తుంది. ఈ మధ్య కొత్త ఎత్తు ఒకటి వచ్చింది. మీరు రోబో కాదని నిరూపించుకోండంటూ, ఒక వెబ్ పేజీ విండోస్ కీతో ఆర్ నొక్కి ఒక వాక్యం పేస్ట్ చేయమంటుంది. ఆ వాక్యమే మాల్‌వేర్‌ను పిలుచుకొచ్చే ఆదేశం. లోపలికి రాగానే లాగిన్ డేటా, లోకల్ స్టేట్ ఫైళ్ళు వెతికి, కీ విప్పించుకుని, అన్నీ మూటగట్టి బయటికి పంపేస్తుంది. చాలాసార్లు తర్వాత తనను తానే చెరిపేసుకుంటుంది కూడా. 2020లో బయటపడ్డ రెడ్‌లైన్ అలాంటిదే. 2024 అక్టోబర్‌లో డచ్ పోలీసులు, అమెరికా ఎఫ్‌బీఐ తదితరులు ‘ఆపరేషన్ మాగ్నస్’ పేరుతో దాని సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. తర్వాత లుమ్మా విజృంభించింది. 2025 మార్చి 16 నుంచి మే 16 దాకా రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో అది కనబడిందని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది.

దోచిన మూటలు అమ్ముడవుతాయి, చేతులు మారుతాయి, కుప్పపడతాయి. 2025 జూన్‌లో సుమారు 1,600 కోట్ల లాగిన్ వివరాలు బయట పడి ఉన్నాయన్న వార్త వచ్చినప్పుడు, వాటిలో చాలాభాగం ఇన్ఫోస్టీలర్లు పోగుచేసినవే. పాతవీ, రెండేసిసార్లు లెక్కలోకి వచ్చినవీ అందులో ఎన్నో ఉన్నాయి కనుక ఆ అంకెను అక్షరాలా తీసుకోనక్కరలేదు. అయినా ఢిల్లీలోని లోధీ రోడ్డులో పనిచేసే దేశ సైబర్ అత్యవసర సంస్థ సెర్ట్-ఇన్ దాన్ని పట్టించుకుని, పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలని, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలని సూచన జారీ చేసింది.

గూగుల్ ఊరుకోలేదు. 2024 జూలైలో 127వ వెర్షన్‌తో విండోస్ క్రోమ్‌లో ‘యాప్-బౌండ్’ అనే కొత్త రక్షణ వచ్చింది. కీని విప్పే పని ఎక్కువ అధికారాలున్న ఒక సర్వీస్‌కు అప్పగించి, అడుగుతున్నది నిజంగా క్రోమేనా అని అది సరిచూసేలా ఏర్పాటు చేశారు. ముందుగా కుకీలకు దీన్ని వర్తింపజేశారు. కొద్ది నెలల్లోనే మాల్‌వేర్ తయారీదార్లు దీనికీ దారులు కనిపెట్టారు. అయినా ఈ రక్షణ దండగ కాదు. మునుపు చడీచప్పుడు లేకుండా జరిగిన దొంగతనానికి ఇప్పుడు ఎక్కువ అధికారాలు సంపాదించడమో, క్రోమ్‌లోకే కోడ్ చొప్పించడమో అవసరమవుతోంది. అలాంటి చేష్టలను యాంటీవైరస్ పసిగట్టే అవకాశం ఎక్కువ.

కుకీల ప్రస్తావన ఊరికే రాలేదు. ఒకసారి లాగిన్ అయ్యాక సైట్ బ్రౌజర్‌కు ఒక సెషన్ కుకీ ఇస్తుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్, ఓటీపీ అడగకుండా దాన్ని చూసే లోపలికి రానిస్తుంది. ఇన్ఫోస్టీలర్ దాన్నీ ఎత్తుకుపోతే దొంగకు పాస్‌వర్డ్‌తో పనే లేదు. కనుక పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో దాచకుండా మానేసినా ఇన్ఫోస్టీలర్ నుంచి పూర్తిగా బయటపడినట్టు కాదు.

పాస్‌వర్డ్‌ల జాబితా ఒక్క కంప్యూటర్‌కే పరిమితమై ఉండదు. సింక్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఖాతా ద్వారా ఫోన్‌కు, ఇంకో ల్యాప్‌టాప్‌కు, ఆఫీసు కంప్యూటర్‌కు అదే జాబితా చేరుతుంది. ఈ సౌకర్యం పెద్ద కంపెనీలనే ఇరుకున పెట్టింది. 2022 మేలో సిస్కో నెట్‌వర్క్‌లోకి దుండగులు చొరబడ్డారు. ఒక ఉద్యోగి సొంత గూగుల్ ఖాతా ముందుగా వాళ్ళ చేతికి చిక్కింది. ఆఫీసు పాస్‌వర్డ్ క్రోమ్ సింక్ ద్వారా ఆ ఖాతాలో చేరి ఉంది. 2023లో ఇతర సంస్థలకు లాగిన్ సేవలందించే ఆక్టాకూ అదే అనుభవం. ఒక ఉద్యోగి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యాడు. ఒక సర్వీస్ ఖాతా వివరాలు అందులో సేవ్ అయ్యాయి. చివరికి 134 ఖాతాదారు సంస్థల ఫైళ్ళు పరాయివాళ్ళు చూశారు. గురుగ్రామ్, నోయిడాలకు రోజూ పనికి వెళ్ళే జనక్‌పురివాసులకు ఇవి దూరపు కథలు కావు. ఆఫీసు బ్రౌజర్‌లో సొంత జీమెయిల్ తెరవడం, ఇంటి బ్రౌజర్‌లో ఆఫీసు పాస్‌వర్డ్ సేవ్ చేయడం అనే రెండు చిన్న అలవాట్లతోనే ఇది మొదలవుతుంది.

ఇన్ని చెప్పాక కూడా చాలామందికి బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ దాచుకోవడం, దాచుకోకపోవడం కంటే క్షేమం. బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం ప్రజలకు ఇచ్చే సలహా కూడా అదే. దాచుకోని మనిషి నలభై సైట్లకు నలభై పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోడు. ఒకే పాస్‌వర్డ్‌ను చివర అంకె మార్చి అన్నిచోట్లా వాడతాడు. ఏదో ఒక చిన్న షాపింగ్ సైట్ నుంచి అది బయటపడితే, దాన్నే బ్యాంకుల్లో, మెయిళ్ళలో వరుసగా ప్రయత్నించే ప్రోగ్రాములు ఉన్నాయి. బ్రౌజర్ అయితే ప్రతి సైట్‌కూ ఊహకందని కొత్త పాస్‌వర్డ్ తానే తయారు చేసి గుర్తుంచుకుంటుంది. బయటపడ్డ పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి హెచ్చరిస్తుంది కూడా.

అంతకంటే విలువైన రక్షణ మరొకటుంది. బ్రౌజర్ పాస్‌వర్డ్ నింపేది చిరునామా అక్షరం పొల్లుపోకుండా సరిపోయినప్పుడే. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ సైట్‌ను గుర్తించి పోలీసులకు ఫిర్యాదు చేసింది. అప్పటి అసలు చిరునామా ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’. నకిలీది ‘తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్’. చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి, చివరి ‘ఇన్’ను ‘ఆర్గ్’గా మార్చారు, అంతే. శ్రీవారి బొమ్మ, రంగులు, పేజీ అమరిక చూసి నమ్మే భక్తుడి కంటికి ఆ తేడా అందదు. బ్రౌజర్ బొమ్మలూ రంగులూ చూడదు. దానికి ఆ రెండు చిరునామాలకూ ఏ సంబంధమూ లేదు. పాస్‌వర్డ్‌తో నడిచే ఏ సైట్‌కైనా ఇదే వర్తిస్తుంది: రోజూ దానంతటదే నిండే పాస్‌వర్డ్ ఒకరోజు నిండకపోతే, చేత్తో కొట్టే ముందు చిరునామా చదవాలి.

ఇలా నిండకపోవడానికి నిజమైన కారణాలూ ఉంటాయి. నకిలీలను అరికట్టడానికి రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది కనుక ఎవరు పడితే వాళ్ళు ఆ ముగింపుతో సైట్ తెరవలేరు. బ్యాంకు కొత్త చిరునామాకు మారినప్పుడు పాతదాని కింద దాచిన పాస్‌వర్డ్ అక్కడ నిండకపోవచ్చు. ముగింపు సరిచూసుకుని ఒకసారి చేత్తో నింపి, కొత్తగా సేవ్ చేసుకుని, పాతదాన్ని తీసేయాలి. పాస్‌వర్డ్ సేవ్ కాకుండా అడ్డుకునే బ్యాంకులు ఈ మేలును తామే పోగొడుతున్నాయి. వాళ్ళు పేజీలో పెట్టే ‘ఆటోకంప్లీట్ ఆఫ్’ సూచనను 2013-15 మధ్యనే ప్రధాన బ్రౌజర్లు పాస్‌వర్డ్ గడి విషయంలో పక్కన పెట్టాయి. గట్టి పాస్‌వర్డ్‌లు వాడాలంటే యూజర్లకు దాచుకునే వీలుండాలని అవి భావించాయి.

తనంతట తానే నింపే గుణంలో ఒక లొసుగు ఉంది. ఆ పేజీలో బయటి కంపెనీల స్క్రిప్టులు ఉంటే, అవి కంటికి కనిపించని లాగిన్ గడి పెట్టి బ్రౌజర్ నింపినదాన్ని చదవగలవు. ప్రకటనల కంపెనీల స్క్రిప్టులు రెండు ఇలా ఈమెయిల్ చిరునామాలు రాబడుతున్నాయని 2017 డిసెంబర్‌లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. పదిలక్షల ప్రముఖ సైట్లలో 1,110 చోట్ల అవి కనిపించాయి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఆటోఫిల్ ఆపేస్తే, గడి మీద క్లిక్ చేసి ఎంచుకునేదాకా పాస్‌వర్డ్ నిండదు.

బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్, కీపాస్ వంటి ప్రత్యేక పాస్‌వర్డ్ మేనేజర్లు విండోస్ లాగిన్‌ను నమ్మకుండా సొంత మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతాయి, కాసేపటికి మళ్ళీ తాళం వేసుకుంటాయి. కంప్యూటర్ పలువురి చేతుల్లో పడే ఇంటికి ఇవి మెరుగు. లోపాలకు ఇవీ అతీతం కాదు. 2022లో లాస్ట్‌పాస్ సంస్థ నుంచి ఖాతాదారుల గుప్తలిపి నిల్వలు దొంగల పాలయ్యాయి, వాటిలో సైట్ల చిరునామాలకు గుప్తలిపే లేదు. బీరువాలో పెట్టే డైరీకి ఇన్ఫోస్టీలర్ భయం లేదు; నకిలీ సైట్‌ను గుర్తించే శక్తీ లేదు. ఎక్సెల్ ఫైల్‌లో రాసుకోవడం, వాట్సాప్‌లో తనకు తాను పంపుకోవడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పద్ధతులు.

2022 మేలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి మద్దతు ప్రకటించిన పాస్‌కీలు ఈ చిక్కును మొదట్లోనే తప్పించే ప్రయత్నం. ఇందులో సైట్ దగ్గర పబ్లిక్ కీ మాత్రమే ఉంటుంది, రహస్య కీ యూజర్ వైపే ఉంటుంది. వేలిముద్రో పిన్నో అడిగాకే అది పనిచేస్తుంది, నకిలీ చిరునామాకు అసలు జవాబే చెప్పదు. సెషన్ కుకీ దొంగతనాన్ని మాత్రం ఇది ఆపలేదు.

మాల్‌వేర్ సోకిందన్న అనుమానం వస్తే పనులు వరుస తప్పకుండా జరగాలి. అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మారిస్తే కొత్తవి కూడా దొంగకే చేరతాయి. శుభ్రంగా ఉన్న మరో ఫోన్ నుంచి ముందు జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి; ఎత్తుకుపోయిన కుకీలు చెల్లకుండా పోయేది అప్పుడే. తర్వాత బ్యాంకులు, ఆ తర్వాత మిగతావి. సోకిన కంప్యూటర్‌లో విండోస్‌ను కొత్తగా ఎక్కించాకే మళ్ళీ లాగిన్ కావాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, బదిలీ అయిన సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు రాయవచ్చు. మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దొంగ దూరదేశంలో ఉన్నా, ఇంట్లోవాడే అయినా ఆ సెక్షన్ వర్తిస్తుంది.